ఎవరికీ చెప్పని ఇంటి లోను

బ్యాంకులో కొత్తగా చేరిన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు జంషెడ్‌పూర్ అగ్రికో పేటలో మా ఇంటికి వస్తుంటారు. ఇంటి లోన్ల సెక్షన్లో వేశారు సార్, ఏం చదవమంటారు అని అడుగుతారు. చదవాల్సినవి బ్యాంకే ఇస్తుంది, తలగడ కింద పెట్టుకునేటంత. నేను చెప్పేది విన్నాక వాళ్ళ మొహాలు వాడిపోతాయి. ఈ ఉద్యోగంలో సగం రోజులు ఎవరో ఒకరికి కాదని చెప్పడానికే కూర్చుంటాం. మిగతా సగం, ఎందుకు కాదన్నారో తెలియక మన ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూస్తూ కూర్చుంటాం. నేను ఇది చేసీ చేసీ అలిసిపోయాను. రిటైరై ఇంత కాలమైనా బయట స్కూటర్ ఆగిన చప్పుడైతే ఎవరి లోను పోయిందో అనిపిస్తుంది.

లోను ఎలా ఇస్తారో వేరే వాళ్ళు చెబుతారు. కాదన్నప్పుడు ఏం చెయ్యాలో ఒక్క సంగతి పట్టుకుని చెబుతాను.

కాదన్నది ఎవరు

నేను చేరినప్పుడు లోను ఇవ్వాలా వద్దా అనేది బ్రాంచిలోనే తేలేది. మేనేజరు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాయితాలు తిరగేసి, తోచింది చెప్పేవాడు. తప్పులు చేసేవాడు, ఇష్టమున్న వాళ్ళకి ఇచ్చుకునేవాడు, అదంతా నిజమే. కానీ పోట్లాడాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు మనం ఇక్కడినుంచి పంపుతాం, ఎక్కడో కూర్చున్నవాళ్ళు చూస్తారు, ఒక సాయంత్రం ఫోనుకి మెసేజి వస్తుంది. మా నిబంధనల ప్రకారం మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాం అని. అంతే. ఏ నిబంధనో ఉండదు.

జంషెడ్‌పూర్‌లో దీనికి తోడు భూమి గొడవ. ఇక్కడ సగం ఊరు లీజు భూమి. ఊరు దాటితే కొన్ని నేలలు ఆదివాసీలవి, ఇతరులు కొనడానికి చట్టం ఒప్పుకోదు. అవీ తెల్లకాయితాల మీద చేతులు మారిపోతుంటాయి. అలాంటి చోట కొన్నవాళ్ళ లోను పోతే కనీసం ఎందుకు పోయిందో తెలుస్తుంది, ఏడ్చి ఊరుకుంటారు. అన్నీ సరిగ్గా ఉండి పోయినవే మనిషిని తినేస్తాయి.

పైడిరాజుది అలాంటిదే.

కౌంటర్ దగ్గర

పైడిరాజు టాటానగర్‌లో గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వేలో గ్యాంగులో చేరడానికి వచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టాడు. మరుసటి ఏడాది రిటైర్మెంటు. రిటైరైతే రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అందుకని మాంగో అనే పేటలో, బ్రిడ్జి దాటాక, ఒక పాత ఫ్లాటు చూసుకున్నాడు. అమ్మేది ఒక స్కూలు మాస్టారు. ఆయన కూతురు దగ్గరికి రాంచీ వెళ్ళిపోతున్నాడు, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఫ్లాటు కాయితాలు మా లాయరు చూశాడు, ఏ లొసుగూ లేదు. జీతం ఉంది, తరవాత పెన్షన్ ఉంది. నేనే చూసి పంపాను. నిశ్చింతగా ఉండమని కూడా అన్నాను, అనకూడదని తెలిసీ.

మెసేజి వచ్చిన మర్నాడు డ్యూటీ దిగి, బండి మీదికి తీసుకెళ్ళే నల్లబ్యాగుతోనే, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. కేకలెయ్యలేదు. ఫోను బల్ల మీద పెట్టి నా వైపు తిప్పాడు.

"ఏటి సార్ ఇది? కాయితాలన్నీ తమరే సూసినారు కదా. నాను ఏ బేంకుకీ ఒక్క కిస్తీ ఎగ్గొట్టనేదు. స్కూటర్ లోను కూడా ముందే కట్టీసినాను."

"తెలుసు పైడిరాజుగారూ. కనుక్కుంటాను."

"కనుక్కోడానికేటుంది. మా బావమరిదికి సొసైటీలో జామీను సంతకం పెట్టినాను, అదేనేటి? లేకపోతే వయసైపోయిందనా? నిజిం సెప్పీండి, పడుంటాను."

తెలియదని చెప్పాను. నాకు నిజంగానే తెలియదు. ఆ మాట నమ్మినట్టు లేదు. బ్యాంకులో కూర్చున్నవాడికి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

"సాక్చీలో ఒక ఫైనాన్సోడున్నాడు. వడ్డీ ఎక్కువే గానీ వారంలో ఇత్తానంటన్నాడు. అక్కడికే పోతాను" అని లేచాడు.

ఇక్కడ పిల్లలు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. లోను పోయిన మనిషికి ముందు కోపం రాదు, సిగ్గు వస్తుంది. ఆ సిగ్గులో దొరికిన ప్రతి గుమ్మమూ ఎక్కుతాడు. ఎక్కిన ప్రతి చోటా అతని పేరు మీద ఒక విచారణ నమోదవుతుంది. నాలుగు చోట్ల అడిగాడంటే ఐదోవాడు అనుమానంగానే చూస్తాడు. అందుకని అతన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నాకు ఒక వారం ఇవ్వండి, అందాకా ఎక్కడా సంతకం పెట్టకండి అని బతిమాలాను. కస్టమర్‌ని బతిమాలడమేమిటని మీకు అనిపించవచ్చు. అనిపించనివ్వండి.

మండల్ చెప్పింది

లోను అడిగిన మనిషి చెప్పిన చోటే ఉంటున్నాడా, ఎలాంటివాడు అని చూసి రావడానికి బ్యాంకు బయటి మనుషుల్ని పంపుతుంది. మాకు వచ్చేది మండల్. నడివయసు బెంగాలీ, పాత మోటార్ సైకిల్, చెమట చొక్కా, భుజాన సంచి. ఎన్ని ఇళ్ళు తిరిగితే అంత కూలి. అందుకని ఏ గుమ్మంలోనూ రెండో నిమిషం నిలబడడు. అతన్ని తప్పుపట్టను. ఆ కూలికి నేనైనా అంతే చేస్తాను.

కాయితాల్లో ఏ లోపమూ లేకపోయేసరికి నాకు మిగిలింది మండల్ ఒక్కడే. ఫోన్ చేస్తే వెంటనే గుర్తొచ్చింది.

"అరే మూర్తి సాబ్, ఆ ఇంటావిడే చెప్పింది. మేము ఏ ఇల్లూ కొనటం లేదు, ఏ లోనూ పెట్టలేదు, వేరే ఇల్లు చూసుకో అని" అన్నాడు హిందీలో. "పక్కింటావిడైతే నన్ను తిట్టి తరిమింది. వీళ్ళు అప్పులు చేసే మనుషులు కారు, దొంగ వెధవా, ఆడవాళ్ళున్న ఇంటికొచ్చి ఏం అడుగుతున్నావ్ అని. నేనేం రాయను? విన్నదే రాశాను."

నాకు నవ్వు రాలేదు. రిటైర్ కాబోతున్న మనిషి ఇల్లు ఒక్క మాటతో పోయింది, ఆ మాట అన్నది ఆ ఇంటి ఇల్లాలు. ఎందుకని ఉంటుందో మన జిల్లాల వాడినై ఉండి కూడా నాకు తట్టలేదు.

రత్నం గుట్టు

సాయంత్రం క్వార్టర్‌కి వెళ్ళాను. పైడిరాజు నిద్ర లేచి టీ తాగుతున్నాడు. భార్య నూకరత్నం నన్ను చూడగానే పక్కింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేసింది.

"కూసోండి బాబూ. లోపలికొచ్చీండి, ఆ పంకా కింద."

బ్యాంకు మనిషి వచ్చాడా అమ్మా అని అడిగాను. ఆవిడ మొగుడి వైపు చూసింది, నేల వైపు చూసింది.

"వొచ్చినాడు బాబూ. అప్పుడు పక్కింటి మిశ్రాయినమ్మ ఇదిగో ఇక్కడే గుమ్మంలో కూసుని నాతోపాటు ఎల్లుల్లి వొలుత్తంది. ఆడొచ్చి గట్టిగా, మాంగోలో ఇల్లు కొంటన్నది మీరేనా, లోను పెట్టింది మీరేనా అని క్వార్టర్ల లైనంతా ఇనబడేలాగ అడిగినాడు. నానేటి సెప్పను? కాదన్నాను. కళ్ళతో సైగ చేసినాను బాబూ, అవతలికెల్లి మళ్ళీ రమ్మని. ఆడికి అర్దం కానేదు. ఈలోపు ఆవిడ లేసి ఆణ్ణి కడిగీసింది."

పైడిరాజు గ్లాసు కింద పెట్టాడు. "వొచ్చి ఎల్లిపోనాడన్నావు గానీ ఇది నాకు సెప్పనేదేటే?"

"మళ్ళీ వత్తాడనుకున్నాను."

"అన్ని ఆఫీసులు తిరిగినాను. మా బావని తిట్టుకున్నాను. ఈ బాబుని తిట్టుకున్నాను. ఇంట్లోనే ఎట్టుకుని ఊరంతా ఎతికినాను కదే."

ఆవిడ ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇల్లు పాలు పొంగేదాకా పైకి చెప్పకూడదని, దిష్టి తగులుతుందని మనవాళ్ళలో ఉన్నదే. మా అమ్మ నా పెళ్ళి సంబంధం కూడా అలాగే దాచింది. కానీ పొద్దస్తమానం ఒకే గుమ్మంలో కలిసి కూర్చునే మనిషి దగ్గర కూడానా అని అడిగేశాను.

"తమకి తెల్దు బాబూ" అంది రత్నం. అప్పుడు చెప్పింది.

కొన్నేళ్ళ కిందట వీళ్ళు గమ్హరియా వైపు స్థలం కొన్నారట. లైనంతా లడ్డూలు పంచారు. తీరా చూస్తే అది అమ్మడానికి వీల్లేని ఆదివాసీ భూమి. పెట్టింది పోయింది. పోయిన దానికన్నా, తరవాత జరిగింది ఆవిడ మరిచిపోలేదు. లైనులో ప్రతి ఆడమనిషీ వచ్చి కూర్చుని, అయ్యో అని, ఎవరు ఎంత మోసపోయారో చెప్పి, టీ తాగి వెళ్ళింది. కుళాయి దగ్గర, రేషన్ దగ్గర, గుడిలో అదే మాట. నెలల తరబడి.

"మిశ్రాయినమ్మ ఒక్కర్తే ఏటీ అన్నేదు. వొండి పట్టుకొచ్చి ఎట్టీసి ఎల్లిపోయీది. నిజిం సెప్పాలి. కానీ ఆవిడ నోట్లో మాట దాగదు బాబూ. ఆవిడకి తెలిత్తే సాయంత్రానికి స్టేసనుదాకా తెలిసిపోద్ది. రేపిది కూడా పోయిందనుకోండి, మళ్ళీ ఆళ్ళందరూ వొచ్చి అయ్యో అంటే నాను బతకనేను."

దిష్టి అని పైకి అనేది, లోపల ఉన్నది ఇదన్నమాట. నాకు జాలేసింది, చిరాకూ వేసింది. ఎవరి కంటా పడకూడదని దాచి, పడాల్సిన ఒక్క కంటికీ లేదని చెప్పింది.

సిన్హా సాబ్

మా మేనేజరు సిన్హా సాబ్ చెడ్డవాడు కాడు, మంచివాడూ కాడు. బదిలీ ఆర్డరు కోసం చూస్తున్న మనిషి. జరిగింది చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మూర్తిజీ, పైవాళ్ళు కాదన్నారు. కాదన్నది కాదే. మీరు కూడా రేపో మాపో రిటైరవుతారు. ఎందుకీ తలనొప్పి?"

మళ్ళీ పరిశీలించమని రాయడానికి వీలుందని చెప్పాను. ఉంది, కానీ బ్రాంచి మనిషి స్వయంగా వెళ్ళి చూసి రావాలి, ఇంటివాళ్ళూ పొరుగువాళ్ళూ చెప్పింది కొత్తగా తీసుకోవాలి. ఈసారి కూడా పొరుగున తేడా మాట వస్తే ఇక ఆ పేరు మా బ్యాంకులో లేచే పనిలేదు.

"అయితే వేరే పొరుగువాళ్ళని అడగండి" అన్నాడు.

అదీ ఆలోచించాను. ఒక పక్క క్వార్టర్‌కి తాళం. రెండో పక్క మిశ్రాయిన్. పైగా ముందు మండల్‌ని తరిమిన ఆవిడే ఇప్పుడు అవునంటే తప్ప పైవాళ్ళు నమ్మరు. సిన్హా సాబ్ సంతకం పెట్టి, ఇది మీ మెడ మీదే ఉంటుంది అన్నాడు. అలాంటి మాటలు చాలా విన్నాను కాబట్టి కాయితం తీసుకుని వచ్చేశాను. మేనేజర్లు ఎందుకు ఒప్పుకున్నారని ఆలోచించకండి, ఒప్పుకున్న వెంటనే బయటికి వచ్చెయ్యండి.

రత్నానికి ఫోన్ చేశాను. మిశ్రాయిన్ గుడికి వెళ్ళే వేళ చూసి రమ్మంది. కుదరదమ్మా, ఆవిడనే అడగాలి అన్నాను.

"ఏటి సెప్పమంటారు బాబూ?"

"నేనేమీ చెప్పమనను. నిజం చెప్పు. నీ నోటితో ఆవిడకి ముందే చెప్పుకుంటే ఇంకా మంచిది."

చెప్పలేదని వెళ్ళగానే తెలిసింది.

రెండోసారి

మొదట రాసిన మండల్‌నే వెంటబెట్టుకుని నేను వెళ్ళేసరికి మిశ్రాయిన్ తన గుమ్మంలో పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. లావుపాటి మనిషి, గంభీరంగా ఉంటుంది. మండల్‌ని గుర్తుపట్టి పళ్ళెం పక్కన పెట్టింది. ఈ దొంగ మళ్ళీ వచ్చాడు రత్నా, మీ ఆయన్ని పిలు అంది హిందీలో. మండల్ నా వెనక్కి జరిగాడు.

రత్నం బయటికి వచ్చింది. పైడిరాజు లోపల తలుపు వెనక నిలబడి ఉన్నాడు. ఆవిడ మమ్మల్ని చూడలేదు, మిశ్రాయిన్‌నే చూస్తూ హిందీలో చెప్పింది. "దొంగ కాదు దీదీ. బ్యాంకు మనిషే. మేం మాంగోలో ఇల్లు కొంటున్నాం. లోను పెట్టింది మేమే. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

లైనులో ఎవరో కుక్కర్ పెట్టినట్టున్నారు, విజిల్ వేసింది. మిశ్రాయిన్ మొహంలో కోపం లేదు. అర్థం చేసుకోవడానికి సమయం తీసుకుంటున్నట్టు ఉంది.

"నీ మాట నమ్మి నేను ఈ మనిషిని అమ్మనీ నాన్ననీ కలిపి తిట్టాను" అంది చివరికి. "నాకు చెప్పలేదా? నాక్కూడానా?"

మండల్ అడగక తప్పదు కాబట్టి అడిగాడు. వీళ్ళని ఎప్పటినుంచి తెలుసు, ఎలాంటి మనుషులు అని. ఎన్ని ఫైళ్ళు చూశానో, ఇంతలా భయపడింది లేదు. నాకేం తెలియదు అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు. అనడానికి ఆవిడకి పూర్తి హక్కు ఉందని కూడా అనిపించింది. తలుపు వెనక పైడిరాజు చెయ్యి గడియ మీద కనిపిస్తోంది.

మిశ్రాయిన్ బియ్యం పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

"నా పెద్దాడు పాకుతున్నప్పటినుంచి తెలుసు. ఆ ఇంట్లోంచి డబ్బు గొడవ ఒక్కనాడు వినలేదు. ఎవరి డబ్బూ ఉంచుకోలేదు. అచ్ఛే లోగ్ హైఁ. లిఖ్ లో."

మంచివాళ్ళే, రాసుకో అని, లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ లైనులో పగటిపూట తలుపులు వెయ్యరు. రత్నం ఆ తలుపు ముందు నిలబడే ఉంది. నేను వెళ్ళొస్తానమ్మా అంటే వినిపించుకోలేదు.

మాంగో

లోను వచ్చింది. మాస్టారు ఇంకో నాలుగు రోజులు ఆగాడు, రిజిస్ట్రీ అయింది. పిల్లలకి నేను చెప్పాలనుకున్న పని సంగతి ఇంతవరకే. కాదన్న కాయితం చేతికొస్తే కాయితాన్ని చదువుతూ కూర్చోకండి. ఎవరు ఎవరిని ఏం అడిగారో, అప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో కనుక్కోండి. దానికి ఎవరూ మెచ్చుకోరు. పైగా ఆ నెల మీ మిగతా పని వెనకపడుతుంది, సిన్హా సాబ్ నాకు అదే వినిపించాడు.

గృహప్రవేశానికి పిలిచారు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు. ఆయాసపడుతూ ఎక్కాను. పాలు పొంగాయి. తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు, రైల్వే లైనువాళ్ళూ వచ్చారు. మిశ్రాయిన్ భర్త మిశ్రాజీ ఒక్కడే వచ్చి, భోజనం చేసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. రత్నం కొత్త చీరలో అటూ ఇటూ తిరుగుతూ, మెట్ల మీద అలికిడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చింది. పిలవడానికి రెండుసార్లు వెళ్ళానని, ఆవిడ తలుపు తియ్యలేదని నాతో చెప్పింది.

నేను బయలుదేరుతుంటే స్టీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. పులిహోర, బూరెలు.

"తమరు స్టేసను మీంచే కదా బాబూ ఎల్తారు. ఆవిడకిచ్చీండి. నానెల్తే తియ్యదు. తమరెల్తే తీత్తాది."

నేను తలుపు కొడితే తీసింది. డబ్బా చూసి ఎవరిదో అడగలేదు, తీసుకుంది. కాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"ఎన్నో అంతస్తు?" అని హిందీలో అడిగింది.

"మూడు."

"లిఫ్ట్ ఉందా?"

లేదన్నాను. ఆవిడ డబ్బా మూత మీద చెయ్యి ఉంచి, నా మీద కోప్పడుతున్నట్టే అంది.

"దాని మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీ బ్యాంకుకి తెలుసా? వానాకాలం వస్తే కుళాయి దగ్గరికి నడవలేదు, నీళ్ళు నేనే పట్టి ఇస్తాను. మూడు అంతస్తులు రోజూ ఎలా ఎక్కుతుంది? ముఝ్ సే ఏక్ బార్ పూఛ్ లేతీ. నన్ను ఒక్కసారి అడిగుంటే వద్దని చెప్పేదాన్ని."